బావ చూపించని ఎత్తు

"తమ్ముడూ, మీ బావ ఎలిపోనారు." మా ఊళ్లోనే ఉన్న ఖుర్సీపార్ బస్తీ నుంచి అక్క ఫోన్‌లో అన్నది ఇంతే. తర్వాత ఏడుపు.

ఆ బావా, అక్కా నాకు చుట్టాలు కారు. బావా నేనూ ఉక్కు ప్లాంటులో ఒకే మిల్లులో పనిచేశాం. రిటైరయ్యాక కూడా చదరంగంలో ఒకరినొకరు ఓడించుకుంటూనే ఉన్నాం. ఈ హిందీ ఊళ్లో మమ్మల్ని ఓడించేవాళ్లు పెద్దగా లేరు. మా ఇద్దరిలో ఎవరు గొప్పో తేలలేదు, అంతే.

బావకో అలవాటు. ఆలోచిస్తూ చొక్కా అంచుతో పావుల మీది దుమ్ము తుడిచేవాడు. ప్లాంటు దుమ్ము మా ఇళ్లలో దేన్నీ వదలదు. తన వరండాలో ఆడేటప్పుడు నేనూ తుడిచేవాణ్ణి.

పోయిన చలికాలం టోర్నమెంటు ఫైనల్లో మళ్లీ మేమిద్దరమే మిగిలాం. ఆట బావ చేతిలోనే ఉంది. నాకు చెమటలు పడుతున్నాయి. బావ కళ్లు ఒక్కసారి మెరిశాయి. ఏదో దొరికింది. అంతలో చెయ్యి అలవాటు కొద్దీ తన గుర్రాన్ని ఎత్తి తుడిచేసింది! టోర్నమెంటులో ముట్టుకున్న పావునే కదపాలి. ఆ గుర్రం కదిలితే బావ రాజుకి కాపలా లేదు. తప్పులు పట్టాల్సిన ఆర్బిటర్ అటు తిరిగి ఉన్నాడు.

"పెట్టేయ్ బావా, దుమ్మే కదా తుడిచావు," అన్నాను మెల్లగా.

"ముట్టుకున్నాను గదేటి? ఆడాల్సిందే." గుర్రాన్ని జరిపి, కాసేపట్లోనే ఓడిపోయాడు.

కప్పు నాకిచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చాక, "అసలేం ఆడదామనుకున్నావు?" అని నిలదీశాను.

"ఇప్పుడే సెప్పెత్తే మజా ఏటుంటాది? మల్లా బోర్డు ఏసినప్పుడు సూపిత్తాను," అని నవ్వాడు.

తర్వాత మంచం పట్టాడు. ఎప్పుడడిగినా "రేపు" అనేవాడు. రేపు ఉంటుందనే నేనూ అనుకున్నాను.

కర్మ అయ్యాక ఆ ఫైనల్ ఆటను, గుర్రం కదలక ముందున్నట్టే, మళ్లీ పేర్చుకున్నాను. రోజూ బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నిన్న సాయంత్రం దొరికింది. ఏనుగును కావాలనే నా బంటుకి బలివ్వాలి! ఓరి బావా, ఏం ఎత్తు! గట్టిగా అరిచేశాను.

"క్యా హువా, పాపా?" అంటూ మా అబ్బాయి తొంగి చూశాడు. వాడికి చదరంగం రాదు, తెలుగు అంతంతమాత్రం. ఏం లేదన్నాను. ఈ ఊళ్లో ఆ ఎత్తు గురించి చెప్పుకోవడానికి నాకిక ఎవరూ లేరు.

బావ వైపు కూర్చుని ఏనుగును జరిపాను. లేచి నా కుర్చీలోకి వచ్చాను. ఎంత చూసినా దారి లేదు. నా రాజును పడుకోబెట్టాను. ఓడినవాడు ఎదుటివాడికి చెయ్యి చాపాలి. బోర్డు మీదుగా చాపి, కాసేపు అలాగే ఉంచాను.