మేడం తాగించిన నీళ్ళు

మా మేడం పోయారన్న కబురు నాలుగు రోజుల కిందట పొద్దున్నే కాలేజీ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా సంతాపాలు. సౌమ్యురాలు, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, అందరికీ సర్దుకుపోయే మనిషి. చదువుతుంటే ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. ఎవరి గురించి రాస్తున్నారు వీళ్ళు? ప్రజారోగ్యం పాఠం చెప్పడం మా మేడం ఉద్యోగం, దెబ్బలాడటం ఆమె స్వభావం. పోయిన మనిషిని ఇలా మార్చేస్తుంటే ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

సర్వేకి బయల్దేరితే, జీపు ఎక్కకముందే మా నీళ్ళ సీసాలు లాక్కుని బల్ల కింద పడేసేవారు. "ఎవరింటికి పోతే వాళ్ళ నీళ్ళు తాగండి. తాగినాకనే ప్రశ్న అడగండి" అనేవారు. మేం చాటుగా తిట్టుకునేవాళ్ళం. ఆమె మాత్రం కుచ్చిళ్ళు పైకి దోపుకుని, రబ్బరు చెప్పులతో ఆ ఎండలో మాకంటే ముందు నడిచేవారు.

ఒకసారి ఇందుకూరుపేట దాటి, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక పల్లెకు వెళ్ళాం. అక్కడ ఏ ఇంట్లో చూసినా బీపీ. జీవనశైలి మీద సర్వే. గుంటల్లో పనికి వెళ్ళే ఒక అక్కని నేను అడిగాను, కూరలో ఉప్పు ఎక్కువ వేస్తారా, రోజూ నడుస్తారా అని.

"నడవకుండా గుంట కాడికి ఎగిరిపోతానా అబ్బయ్యా?" అని నవ్వింది.

మేడం నన్ను పక్కకు జరిపి మంచినీళ్ళు అడిగారు. ఆ అక్క మూలనున్న, కొనుక్కొచ్చిన నీళ్ళ క్యాన్ వంచబోయింది.

"అది వద్దమ్మా. నువ్వు అన్నం వండే నీళ్ళియ్యి."

"అయ్యో, అవి బోరు నీళ్ళు మేడం. మీరు తాగలేరు."

"నువ్వు తింటన్నావు గదా."

మేడం గ్లాసెత్తి మొత్తం తాగారు. రెండో గ్లాసు నా చేతికిచ్చారు. గుటక దిగలేదు. మైపాడు సముద్రంలో మునక వేసినప్పుడు నోట్లోకి పోయే నీళ్ళకు కాస్త తక్కువ, అంతే.

"గుంటలు తవ్వినాక ఇట్టయిపోయినాయి మేడం. అన్నమూ దీంతోనే, పప్పూ దీంతోనే. ఇంక కూరలో ఉప్పెందుకేస్తాం?" అంది అక్క.

నివేదిక రాసే రోజు, సర్వే చేయించిన సంస్థ పెద్దమనిషి కాలేజీకి వచ్చాడు. జనం అలవాట్లే బీపీకి కారణమని, ఉప్పు తగ్గించమని ప్రచారం చేస్తే సరిపోతుందని రాయమన్నాడు. నీళ్ళ సంగతి మన విషయం కాదన్నాడు.

"తినేదీ తాగేదీ జీవనశైలి కాకపోతే ఇంకేందండీ?" అన్నారు మేడం. "తప్పు వాళ్ళ నాలుక మీదికి నెట్టేస్తే, ఇంక ఆ ఊరికి ఎవరూ నీళ్ళియ్యక్కర్లేదు. నేను సంతకం పెట్టను."

పెట్టలేదు. నివేదిక ఆమె పేరు లేకుండానే వచ్చింది. ఆ తర్వాత ఆమెకు సర్వేలు ఇవ్వడం మానేశారు. ఆమె మానలేదు. ఎక్కడ అధికారుల మీటింగు జరిగినా వెళ్ళి, ఆ పల్లెకు మంచినీళ్ళ పైపు ఎప్పుడేస్తారని లేచి అడిగేవారు. ఆమెను చూడగానే వేదిక మీద వాళ్ళు వాచీలు చూసుకునేవాళ్ళు. "వాళ్ళకి విసుగు పుట్టనీ, నాకు పుట్టదు" అనేవారు. చివరిదాకా పుట్టలేదు. ఆమెను చూసి నేనెంత గర్వపడ్డానో ఆమెతో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే "పని చూసుకో" అనేవారు.

నిన్న కాలేజీలో సంతాప సభ. వేదిక నిండా మూత తీయని నీళ్ళ సీసాలు. ఆ అక్క కూడా వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళు స్టీలు గ్లాసులో పోసి మేడం ఫోటో ముందు పెట్టింది.

"మేడం వస్తే ఈ నీళ్ళే అడుగుతారు" అంది.

నేను వెళ్ళి ఒక గుటక తాగాను. ఇంకా ఉప్పగానే ఉన్నాయి.

అప్పుడే ఆ సంస్థ పెద్దమనిషి మాట్లాడటానికి లేచాడు. "సౌమ్యురాలైన..." అని మొదలుపెట్టాడు. నేను అక్క తెచ్చిన నీళ్ళతోనే ఇంకో గ్లాసు నింపి ఆయన మైకు పక్కన పెట్టాను.

"ముందు తాగండి సార్. తర్వాత మాట్లాడండి. అది మేడం పెట్టిన రూలు."

ఆయన గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు. ఎవరో అక్కకు కుర్చీ జరిపారు. అక్క కూర్చోలేదు. ఆయన తాగేదాకా కదలనన్నట్టు, చేతులు కట్టుకుని మేడం ఫోటో పక్కనే నిలబడింది.