వంటింటి టార్ హీల్

వర్నెల్ స్టార్న్స్ పుట్టింది నార్త్ కరోలినాలో, పెళ్ళాడింది నార్త్ కరోలినాలో, పళ్ళు పీకించుకున్నదీ నార్త్ కరోలినాలోనే. డెబ్భై నాలుగో ఏట, ఒక గురువారం పొద్దున వరండాలో కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తుండగా, ఆవిడ సౌత్ కరోలినా మనిషని ప్రభుత్వం కనిపెట్టింది.

ఆ సంగతి చెప్పడానికొచ్చిన సర్వేయరు ప్రూయిట్ మర్యాదస్థుడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీ సగం ఇల్లు లాక్కున్నాడు.

"పూర్వం చెట్లకి గాట్లు పెట్టి సరిహద్దు గీశారండీ వర్నెల్ గారూ. ఆ చెట్లు పోయాయి. జనం ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకుంటూ వచ్చారు. ఇప్పుడు మళ్ళీ కొలిస్తే గీత మీ ఇంట్లోంచే పోతోంది. వంటిల్లు దాదాపుగా నార్త్‌లోనే ఉంది. పడగ్గది మాత్రం సౌత్‌లోకి వెళ్ళిపోయింది."

"ఎక్కడికీ వెళ్ళలేదు నాయనా. ఇందాకే అందులో దుప్పటి మడతపెట్టి వచ్చాను."

"ఇలాంటి ఇళ్ళకి మంచం ఎటుంటే మనుషులు అటని లెక్కండీ. అంటే మీరిద్దరూ ఇకనుంచి శాండ్‌లాపర్లు."

ఆ మాట అతను నవ్వుతూ అనకుండా ఉండాల్సింది.

నార్త్ కరోలినా వాళ్ళని టార్ హీల్స్ అంటారు, మడమలకి తారంటినవాళ్ళని. పూర్వం ఏదో యుద్ధంలో పక్కవాళ్ళంతా పరుగు లంకించుకుంటే, వీళ్ళు మాత్రం మడమలు తారులో అతుక్కున్నట్టు నిలబడ్డారని వర్నెల్ తాత చెప్పేవాడు. సరిహద్దుకి అవతలి తాతలు ఈ కథ ఇంకోలా చెబుతారు, కానీ ఆ తాతలు అబద్ధాలకోర్లు. అవతలివాళ్ళని శాండ్‌లాపర్లంటారు, ఇసుక నాకేవాళ్ళని. దాని వెనక ఏ యుద్ధమూ లేదు. ఇసుక ఉందంతే.

వర్నెల్‌కి నిలబడటం కొత్త కాదు. పడుచుతనంలో ఆవిడ మేజోళ్ళ మిల్లులో పనిచేసేది. కొత్తగా వచ్చిన మేనేజరు ఆడవాళ్ళు కూర్చునే స్టూళ్ళన్నీ తీయించేశాడు. మర్నాడు వర్నెల్ తన వంటింటి కుర్చీ మోసుకెళ్ళి మిషను ముందు వేసుక్కూర్చుంది. కొన్నాళ్ళకి మేనేజరు మారాడు, కుర్చీ మాత్రం కదల్లేదు. మిల్లు మూతపడ్డాకే అది ఇంటికొచ్చింది.

ఆవిడ మొగుడు డాయిల్ మాత్రం ఈ వార్త విని లోలోపల సంతోషించాడు. సౌత్‌లో పెట్రోలు చవక.

"ఏమే, పేరుదేముంది? ఇండియానా వాళ్ళని హూజియర్లంటారు. ఎందుకంటారో వాళ్ళకే తెలీదు, హాయిగా బతకడం లేదూ? కనెక్టికట్ వాళ్ళని జాజికాయ మనుషులంటారు. జాజికాయ! ఒక్కడైనా ఏడ్చాడా?"

"వాళ్ళకి పుట్టుకతో వచ్చిన జాజికాయ అది. నన్ను ఈ వయసులో కొత్తగా ఇసుక నాకమంటున్నారు."

ఆదివారం చర్చి అవగానే లామర్ దిగాడు. ఇతను వర్నెల్ పిన్ని కొడుకు, పుట్టు శాండ్‌లాపర్, పైగా సిగ్గులేనివాడు. చేతిలో సౌత్ వాళ్ళు మాంసం మీద పోసుకునే ఆవపిండి సాసు సీసా, దానికో ఎర్ర రిబ్బను.

"స్వాగతం అక్కా! ఎన్నాళ్ళకి మనిషివయ్యావు! ఇక కాల్చిన పందిమాంసం మీద ఆ నార్త్ వాళ్ళ వెనిగరు నీళ్ళు చల్లకు, మాకు పరువు తక్కువ."

"లామర్, ఆ సీసాతో గడప దాటావంటే నిన్ను కాలుస్తాను. వెనిగరు చల్లి మరీ."

మధ్యాహ్నం ఆవిడ వరండాలో ఉన్న ఇనపమంచాన్ని ఒంటిచేత్తో ఈడ్చుకొచ్చి పొయ్యికీ ఫ్రిజ్జుకీ మధ్య వేసింది. సర్వేయరు వచ్చిన రోజునే అతని చేత నేలమీద సుద్దగీత గీయించుకుంది కూడా. పడగ్గది గుమ్మానికి ఇవతల జానెడు దూరంలో అడ్డంగా పోతుంది ఆ గీత. ఆ రోజునుంచి ఆవిడ దాన్ని దాటలేదు. డాయిల్ నార్త్ కరోలినాలో భోంచేసి సౌత్ కరోలినాలో పడుకునేవాడు. బట్టలు కావాలంటే ఆవిడ గీత దగ్గర నిలబడి కేకేసేది, ఆయన అల్మైరాలోంచి తీసి అందించేవాడు. స్నానాలగది దేవుడి దయవల్ల ఉత్తరాన ఉంది.

నెలాఖరున ప్రూయిట్ లెక్క ఖాయం చేసుకోవడానికి వచ్చాడు. వినోదం చూడ్డానికి లామర్ కూడా వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. డాయిల్ బల్ల దగ్గర మెత్తటి రొట్టెల్లాంటి బిస్కట్లలో గ్రేవీ కలుపుకుంటున్నాడు.

ప్రూయిట్ ఇనపమంచాన్నీ గీతనీ మార్చిమార్చి చూసి తల గోక్కున్నాడు. "వర్నెల్ గారూ, ఆలుమగలది ఒకే ఇల్లు, ఒకే లెక్కండీ. ఆ పెద్ద మంచం అటే ఉండి, మీవారు దానిమీదే పడుకుంటుంటే, ఇల్లు అటే పోతుంది. దీన్ని నేను మంచం అనలేను."

"నడుం నాది. నేనంటున్నాను."

"అడుగక్కా, బావని అడుగు," అన్నాడు లామర్ పళ్ళికిలిస్తూ. "ఇటొచ్చి పడుకో మొగుడా అని ఒక్కమాట అడిగితే పోలా?"

"అడగను," అంది వర్నెల్. "అడిగి తెచ్చుకోవడానికి నేనేం పోగొట్టుకోలేదు. ఈ ఇల్లు కట్టినప్పుడు నేను టార్ హీల్‌ని. ఈ బాబు గీత ఎక్కడ గీసుకున్నా అదే. కావాలంటే ఈ పొయ్యి మీద పడుకుంటాను."

డాయిల్ గ్రేవీ చివరిదాకా తుడుచుకు తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు.

"అడగదయ్యా," అన్నాడు ప్రూయిట్‌తో. "మిల్లుకి కుర్చీ మోసుకెళ్ళిన రోజున కూడా ఎవర్నీ అడగలేదు. సగం దారిలో నేనే లాక్కుని మోశాను. థాంక్స్ అన్నా చెప్పలేదు, పెళ్ళి చేసుకుంది." లేచి నిలబడ్డాడు. "లామర్, ఆ కొస పట్టుకో."

"ఏ కొస బావా?"

"మంచం కొస. పెద్ద మంచం. ముందు ఈ బల్ల అవతలికి తోయాలి."

ఆ విధంగా ఒక శాండ్‌లాపర్ చెమటలు కక్కుతూ తన రాష్ట్రంలోంచి ఒక ఓక్ మంచాన్ని బయటికి మోశాడు. ఇనపమంచం మళ్ళీ వరండాలోకి, భోజనాల బల్ల పడగ్గదిలోకి చేరాయి. ఆ బల్లమీద లామర్ తన ఆవపిండి సీసాని ఠీవిగా నిలబెట్టాడు. "తిండి మాత్రం మా రాష్ట్రంలోనేనన్నమాట."

"తిండే. మనిషి కాదు," అంది వర్నెల్.

"మరి మీరు?" అని ప్రూయిట్ డాయిల్ వైపు తిరిగాడు.

"టార్ హీల్." డాయిల్ నిట్టూర్చాడు. "పెట్రోలు మాత్రం అక్కడే పోయిస్తాను."

ప్రూయిట్ వంగి మంచం కోళ్ళు చూశాడు. వంటిల్లు ఇరుకు, మంచం పొడుగు. "పడుకుంటే ఎంతవరకు వస్తారో ఒకసారి చూపిస్తారా?"

డాయిల్ బూట్లు విప్పి వెల్లకిలా పడుకున్నాడు. వర్నెల్ గీత పక్కన నిలబడి, మొగుణ్ణి తలనుంచి కాళ్ళదాకా ఒక సైన్యాధిపతిలాగా పరీక్షించింది.

"డాయిల్," అంది, "మడమలు అవతలికి పోతున్నాయి. మోకాళ్ళు ముడుచుకో."