కొలవని వంపు

తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఆయన్ని బజారంతా కాటాగారు అనేది. ఎదురుపడితే సార్ అనేది. ఆయన వీధి మలుపు తిరిగాక మరికొన్ని మాటలు కూడా అనేదిగాని, అవి ఇక్కడ అప్రస్తుతం. కిలోకి పది గ్రాములు తగ్గిన రాయిని ఆయన చేత్తో ఎత్తి పసిగట్టేవారు. గోడమీది ఫొటో వెంట్రుకవాసి ఒరిగినా భోజనం మధ్యలో లేచి సరిచేసి వచ్చి కూర్చునేవారు. అంతటి మనిషికి జీవితంలో ఒక్కటే తేలలేదు: నాన్న తనని ఎందుకు చూడలేదు?

చూడలేదంటే పెంచలేదని కాదు, అక్షరాలా చూడలేదనే. భోజనాల బల్ల దగ్గర నాన్నకి ఎడమపక్క అన్నయ్య, కుడిపక్క ఈయన. నాన్న మొహం ఎప్పుడూ అన్నయ్య వైపే. లెక్కల్లో ఫస్టొచ్చిన రోజు, సర్టిఫికెట్టు పట్టుకుని పడక్కుర్చీకి కుడిపక్కన చెయ్యి పీకేదాకా నిలబడ్డాడు పన్నెండేళ్ళ కాటాగారు. నాన్న పేపరు రెండో పేజీ ముగించి మూడో పేజీ తిప్పారు. అటువైపు వెళ్ళి నిలబడొచ్చుగా అంటే, పిలవందే వెళ్ళే రకం కాదు ఈయన. పిలిచే రకం కాదు ఆయన. పెద్దయ్యాక ప్రతీకారంగా ఈయన కూడా చూడ్డం మానేశారు. పదకొండేళ్ళు ఆ గడప తొక్కలేదు. తొక్కిన రోజున నాన్న కళ్ళు మూసి ఉన్నాయి.

అన్నీ అయ్యాక అన్నయ్య గోనెపట్టా చుట్టిన పొడుగాటి వస్తువొకటి చేతికిచ్చాడు.

“నాన్న తుపాకీ. నీకిమ్మన్నార్రా.”

“నాకా? ఎందుకట?”

“అడిగితే చెప్పే మనిషేనా?”

గడియ వెనక్కి లాగి, ముందుకి తోసి, ఒక్కో గుండూ ఎక్కించే పాతకాలపు వేట రైఫిలు అది. లైసెన్సు తన పేరుకి మారడానికి నాలుగు నెలలు పట్టింది. ప్రతి కాగితమూ మూడేసి ప్రతులు అడిగారు. ఇలాంటి ఆఫీసులు ఇంకా మిగిలున్నందుకు కాటాగారు లోలోపల సంతోషించారు కూడా.

ఇనుము నిక్షేపంగా ఉంది. చెక్కే ఘోరం. పిడికిలి పట్టే చోట పగిలితే ఎప్పుడో ఎవరో రేకు చుట్టి మేకులు కొట్టారు. పైగా భుజానికి ఆనే మడమ మొత్తం ఒక పక్కకి తిరిగిపోయి ఉంది. చెమ్మకి గుంజుకుపోయిందని ఆయన చూసిన తక్షణం తీర్పు చెప్పారు.

“ఎవరో కావాలని వంచినట్టుందండీ. ఎంత నునుపుగా ఉందో చూడండి,” అంది భార్య.

“నునుపుగా ఉన్నంత మాత్రాన వంకర వంకర కాకుండా పోతుందా?”

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు ముందు ఆవిడ మాట నిలవలేదు.

తుపాకీ చరిత్ర తెలిస్తే నాన్న కొంతైనా తెలుస్తారని ఆయన ఆశ. భూతద్దంతో గొట్టం మీది ముద్రలు చదివి నోటుబుక్కులో దించుకున్నారు. లైబ్రరీ పుస్తకంలో ఆ నంబరు పట్టుకుని తయారైన సంవత్సరం తేల్చారు. అదే పుస్తకంలో చెక్క నమూనా ఉంది, గీత గీసినట్టు తిన్నగా. అమ్మిన దుకాణం ముద్ర మాత్రం సగం అరిగిపోయింది. దాన్ని వెతుకుతూనే, ఈలోగా చెక్క మార్పిద్దామని వడ్రంగి దగ్గరికి వెళ్ళారు.

వడ్రంగి అప్పటిదాకా చేసినవి కుర్చీలూ తలుపులూ. అయినా పనివాడు. ఇనుముకి దీపపు మసి రాసి కొత్త అక్రోటు చెక్క గాడిలో పెట్టి తీసేవాడు. చెక్క ఎక్కడ నల్లబడితే అక్కడ ఉలితో పొర లేపేవాడు. మళ్ళీ మసి, మళ్ళీ ఉలి. ఇరవై రోజులకి ఇనుమూ చెక్కా మధ్య కాగితం దూరకుండా కూర్చుంది.

“పాతది దాచుకోండి సారూ, నమూనాకి పనికొస్తుంది.”

“వంకరకి నమూనా ఏమిటయ్యా?”

కాటాగారి శాఖలో తప్పుడు రాయిని కేసు ముగియగానే కళ్ళముందు ధ్వంసం చేయించడం రివాజు. లేకపోతే మళ్ళీ బజారెక్కుతుంది. ఆ ప్రకారమే పాత చెక్కని నాలుగు ముక్కలు కోయించి, జిగురు కాచే పొయ్యిలో వేయించి, ఆఖరి ముక్క బూడిదయ్యేదాకా స్టూలు మీద కూర్చుని పర్యవేక్షించారు.

నెల తర్వాత దుకాణం దొరికింది. ఇప్పుడక్కడ గొడుగులు అమ్ముతున్నారు. యజమానురాలు తుపాకులమ్మినాయన మనవరాలు. ఓపికగా అటక మీది రిజిస్టర్లు దింపింది. నాన్న పేరున్న వరస మీద వేలు పెట్టి చదివింది.

“‘కుడి కన్ను లోపం. కుడి భుజాన పెట్టి ఎడమ కంటితో గురి చూచుటకు చెక్క వంచవలెను. కొలత చెక్క మీదనే చూచుకొనునది.’ అంతే రాశారు సార్.”

కాటాగారు నోటుబుక్కు తెరిచి ఆ మాటలు దించుకున్నారు.

“ఎంత లోపమో రాయలేదా అమ్మా?”

“వంపు చూస్తే తెలిసిపోతుంది సార్. కన్ను పూర్తిగా పోతే బాగా వంచాలి, సగం చూపుంటే సగం చాలు అనేవాడు తాతయ్య. చెక్క మీ దగ్గరే ఉందిగా?”

ఆయన గొడుగుల మధ్యనుంచి తడుముకుంటూ బయటికొచ్చి అన్నయ్యకి ఫోన్ చేశారు.

“నీకు తెలీదా? చిన్నప్పుడు ఏదో గుచ్చుకుందట. అమ్మ చెప్పుంటుందనుకున్నాను.”

“అమ్మ నువ్వు చెప్పుంటావనుకుని ఉంటుంది. అందుకేనా ఎడమపక్క కూర్చునేవాడివి?”

“నేను పెద్దవాణ్ణిరా, ముందొచ్చి కూర్చున్నాను. అంతే.”

“కుడివైపు అసలేమీ కనపడేది కాదా, కాస్త కనపడేదా?”

“ఆయన్ని అడిగే దమ్ము ఎవరికుంది? ఇప్పుడెందుకది?”

ఎందుకో అన్నయ్యకి చెప్పేదికాదు. అసలు కనపడకపోతే, పదకొండేళ్ళు ఓ గుడ్డికంటి మీద పగబట్టాడు తను. కాస్తయినా కనపడి ఉంటే, ఆ సర్టిఫికెట్టు ఆయనకి కనపడింది. ఏది నిజమో తేల్చే అంకె ఆ చెక్కలో ఉంది. లోకంలో దొరికిన ప్రతిదాన్నీ కొలిచినవాడు, దాని మీద మాత్రం టేపు పెట్టలేదు.

వడ్రంగి దగ్గరికి పరిగెత్తారు. “పాత చెక్క ఎంత వంగి ఉండేది? గుర్తు తెచ్చుకో.”

వడ్రంగి బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించాడు. కాటాగారు స్కేలు పెట్టారు. రెండంగుళాల పైచిలుకు.

“మళ్ళీ చూపించు.”

ఈసారి అంగుళం.

“మళ్ళీ.”

ఈసారి మధ్యలో ఎక్కడో ఆగాయి వేళ్ళు. వడ్రంగికి ఆయన మొహం చూస్తే భయమేసింది.

“పోనీ అలాంటిదే ఇంకోటి చేసిస్తాను సారూ. మీకెంత వంపు కావాలో చెప్పండి, అంతే వంచుతాను.”

కాటాగారు స్కేలు మీద బొటనవేలు అంగుళం దగ్గర పెట్టి, రెండు దాకా జరిపి, మళ్ళీ వెనక్కి తెచ్చారు. వడ్రంగి కాసేపు చూసి, చిత్రిక తీసుకుని ఎవరిదో తలుపు పనిలో పడ్డాడు.