కాదనే బాలప్ప

బాలప్ప నోటికి 'అవును' అనే మాట తిరగదు. విడపనకల్లు దగ్గరి ఆ ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఎవరైనా ఎండగా ఉందంటే, "ఇదీ ఒక ఎండేనా? మా నాయన కాలం ఎండ చూసింటే ఆవిరైపోతాంటివి" అనేవాడు. పోనీ ఎండ లేదులే అంటే, "లేకుంటే నీ నెత్తిన టువాలెందుకప్పా?" అని మళ్లీ మొదలు. శనివారం గుడికి పోయినా దండం సగంలో వదిలేసి ఆంజనేయస్వామితోనే పెట్టుకునేవాడు. "సముద్రం దాటినోనివి, బళ్లారి దిక్కు నుంచి రెండు మబ్బులు తోసుకురాలేవా సామీ?" వెనకవాళ్లు కొబ్బరికాయలు పట్టుకుని ఎదురుచూసేవాళ్లు. పూజారి నోరు మెదిపేవాడు కాదు. మెదిపితే మధ్యాహ్నం దాకా ఇల్లు చేరలేడు.

అలాంటి మనిషి పక్కింటికి కోడలిగా వచ్చింది కృపాకుమారి. గుంతకల్లులో మూడు పూటలా ప్రార్థన జరిగే ఇంట్లో పుట్టిన పిల్ల. అక్కడ పెద్దలకు ఎదురు చెప్పడమే పాపం. కోపమొస్తే మోకాళ్ల మీద కూర్చోవాలి, తిట్టినవాళ్లను క్షమించాలి.

వచ్చిన వారానికే బాలప్ప గోడ దగ్గర నిలబడ్డాడు.

"ఏమ్మా, మీ దేవుడు ఆరు దినాల్లో లోకమంతా చేసినాడంట గదా. ఈడ ఒక ఏరు పెట్టేది మరిచిపోయినాడే?"

"అవును మామా."

బాలప్ప తెల్లబోయాడు. "అవునంటావేమి? అంటాండేది మీ దేవుణ్ని!"

"సరే మామా."

సాయంత్రం ఆయన భార్య కదిరమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "మా యప్పను ఏమంటివి తల్లీ? సంగటి ముట్టకుండా కూచున్నాడు."

"ఏమీ అనలేదత్తా."

"అదే మరి! ఒక్క మాట కాదను. నీకు పుణ్యముంటాది."

కృపాకుమారి నవ్వి ఊరుకుంది. బాలప్ప మాత్రం రోజూ వచ్చేవాడు, రోజూ ఓడి వెళ్లేవాడు.

కొన్నాళ్లకు ఆమె సొంత మామ హనుమంతప్ప చనిపోయాడు. సమాధుల తోటకు పోయే దారిని ఊరి పెద్ద రైతు ఓబులేసు అంతకుముందే తన చేలో కలుపుకుని ముళ్లకంప వేయించాడు. చేసేది లేక పాడెను వంకలో రాళ్ల మీదుగా మోశారు. ఒక కొమ్ము పట్టింది బాలప్పే. దారి పొడుగునా, హనుమంతప్పకు ఇంకా పోయే వయసు కాలేదని పాడె పట్టినవాళ్లతో వాదిస్తూనే ఉన్నాడు.

తర్వాత గ్రామసభలో కృపాకుమారి భర్త దారి అడిగాడు. ముందు కుర్చీలో ఓబులేసు కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఆయన చేలో కూలికి పోయేవాళ్లంతా నేల చూపులు చూశారు. అప్పుడు లేచాడు బాలప్ప.

"దారి ఇయ్యొద్దు! చచ్చినోనికి తొందరేముండాది? వంకలో పడి నిదానంగా పోతాడు. రాళ్లు తగిలితే నొప్పా ఏమన్నానా?"

ఆడవాళ్లలో కూర్చున్న కృపాకుమారి నమ్మలేక ఆయన వైపు చూసింది.

"ఏం మాట్లాడతాండావు బాలప్పా?" కూలివాళ్లలోంచి తిప్పన్న లేచాడు. "మనిషన్నోడు అనే మాటేనా అది?" వెనక నుంచి ఇంకొకరు, ఆడవాళ్లలోంచి ఇంకొకరు. క్షణంలో సభంతా బాలప్ప మీద పడింది. ఓబులేసు ఇబ్బందిగా కదిలాడు. "ఊరంతా ఒక పక్క, నేనూ బాలప్పా ఒక పక్కనా? ఆ పేరు నాకొద్దు. కంప తీపిస్తాలేప్పా."

దారి వచ్చింది. కృపాకుమారి మాత్రం ఆ రోజు నుంచి బాలప్పతో మాట మానేసింది. ఆయన గోడ దగ్గరికొచ్చి దగ్గితే లోపలికి పోయేది. రాత్రి ప్రార్థనలో ఆయన్ను క్షమించేసింది. క్షమించాక ఇంక అడిగేదేముంది అనుకుంది.

మరుసటి వేసవిలో బాలప్ప పోయాడు. అనంతపురం ఆసుపత్రిలో, గుండె బలహీనంగా ఉందన్న డాక్టరుతో కాదని వాదిస్తూనే పోయాడు.

దినాల రోజు వంటింట్లో కదిరమ్మ చెప్పింది. "సభకు పోయేముందే అన్నాడు తల్లీ. 'ఓబులేసును కాదనేకి ఎవనికీ నోరు లేవదు. నన్ను కాదనేకి అందరికీ లేస్తాది. నేను ఇయ్యొద్దంటా సూడు' అని."

కృపాకుమారి గరిటె పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదత్తా?"

"నువ్వొచ్చి పోట్లాడతావని కాచుకున్నాడు. 'ఈ పొద్దన్నా తిడతాదే' అనుకుంటా గోడ కాడే కూచునేవాడు. నువ్వు రాకపోతివి."

ఎందుకట్లంటివి మామా? ఆ ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆమె అడగలేదు. తన మౌనం మంచితనమే అనుకుంది ఇన్నాళ్లూ. గోడ అవతల ఆ దగ్గు ఎన్నిసార్లు విని లోపలికి పోయిందో లెక్కపెట్టబోయింది, లెక్క తేలలేదు.

కళ్లు తుడుచుకుని సాంబారు బకెట్టుతో పందిట్లోకి వచ్చింది. తిప్పన్న ముద్ద కలుపుతూ అంటున్నాడు. "ఎంతైనా బాలప్ప మంచోడప్పా. ఆ దారి విషయంలోనే తప్పుగా మాట్లాడె."

"అవునవును," అంది పంక్తి.

"కాదు!"

అందరూ తలెత్తారు. ఆ గొంతు తనదేనని కృపాకుమారికే నమ్మకం కలగలేదు. "తప్పుగా మాట్లాడలేదన్నా. ఆయన ఇయ్యొద్దనకుంటే మీలో ఒక్కరికైనా నోరు లేచునా?"

"ఎందుకు లేయదమ్మా? లేస్తాండె!"

"లేయదు! ఓబులేసన్న ముందర మీరు లేచేటోళ్లా?"

"అట్లెట్లంటావు?" తిప్పన్న విస్తరి ముందు నుంచి సగం లేచాడు. పక్కనున్నవాళ్లు చెరో వైపు చేరారు. అన్నాలు చల్లారిపోతున్నాయి.

గడప దగ్గర కదిరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని కాసేపు విన్నది. ఆ తర్వాత గట్టిగా కేకేసింది.

"ఆ బకెట్టు కింద పెట్టి మాట్లాడు తల్లీ! చేతులు ఆడించకుంటే ఈళ్లు ఇనరు."