మత్తు డాక్టరుగారి చేతిలో నా కారు

నా కారు ఇంజన్ని నేనే విప్పి, నేనే మళ్ళీ కట్టాను. ఇక్కడ క్యారీ అనే ఊళ్ళో మా ఇంటి గరాజులో ఒక చలికాలమంతా పట్టింది ఆ పని. శని, ఆదివారాలు దానికే ధారపోసి, సోమవారం ఆఫీసు మీటింగుల్లో గోళ్ళకింద నలుపు కనపడకుండా చేతులు బల్లకింద దాచుకునేదాన్ని. మా తెలుగువాళ్ళ గరాజుల్లో సోనామసూరి బస్తాలు, పాత సోఫాలు, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లు ఉంటాయి. మా ఇంట్లో కూడా ఉన్నాయి, కాకపోతే ఒక మూలకి నెట్టేసి ఉంటాయి. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కుల్లో ఆడవాళ్ళు నన్ను వంటల గురించి అడగడం ఎప్పుడో మానేశారు. మగవాళ్ళు మాత్రం పక్కకి పిలిచి, వాళ్ళ కారు బ్రేకులు ఎందుకు కీచుమంటున్నాయో చెప్పమంటారు. చెప్తాను, నాకు తెలుసు కాబట్టి.

ఆ ఇంజన్‌కి నైట్రస్ పెట్టాలనుకున్నాను. నైట్రస్ అంటే మంత్రమేమీ కాదు. అదొక గ్యాసు, ఇంజన్‌లోని వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది, ఆక్సిజన్ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, బలం పెరుగుతుంది. తిరకాసల్లా ఒక్కటే. గ్యాసు వచ్చినప్పుడు దానికి సరిపడా పెట్రోలు కూడా రావాలి. రాకపోతే లోపల వేడి హద్దు దాటి పిస్టన్లు కరిగిపోతాయి, అదీ కన్ను మూసి తెరిచేలోగా. ఆ ఇంజన్ కరిగితే మళ్ళీ మొదటినుంచి కట్టే ఓపిక నాకు లేదు. ఈ మాట ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టాను.

అప్పుడు అమ్మా నాన్నా మా దగ్గరే ఉన్నారు, ఆర్నెల్లకని వచ్చి. నాన్న ఉద్యోగమంతా గవర్నమెంటు ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేశాడు. నైట్రస్ కిట్ డబ్బా వచ్చిన రోజు, సోఫాలో పేపరు చదువుకుంటున్న మనిషి కళ్ళజోడు పైకి తోసుకుంటూ లేచి వచ్చి నీలం సీసా మీద అక్షరాలు చదివాడు.

"ఇది నా గ్యాసు కదే! దీంతో ఎంతమందిని నిద్రపుచ్చానో. నువ్వు దీంతో కారుని నిద్ర లేపుతావా?"

"అయ్యా కూతురూ కలిసి కొంపకి నిప్పు పెట్టేట్టున్నారు," అంది అమ్మ వంటింట్లోంచి.

"అది తనంతట తను మండదు. పక్కవాళ్ళని మండిస్తుంది, మీ పెద్దక్కలాగా," అన్నాడు నాన్న. అమ్మ ఆ పూట ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

అంతకుముందు వరకూ మా ఇంట్లో ఆయన మర్యాదస్తుడైన అతిథి. రిమోట్ కూడా అడిగి తీసుకునేవాడు. సీసా చూసిన రోజు నుంచి పొద్దున్నే గరాజు తలుపు తెరిచి, నాకంటే ముందు స్టూలు మీద కూర్చుని ఉండేవాడు. నాకు అది ఎంత సంతోషంగా ఉండేదో ఆయనకి చెప్పలేదు గానీ, ఆఫీసు పని తొందరగా ముగించుకుని కిందకి దిగేదాన్ని.

మేమిద్దరం చేసిన పనిలో తొందర లేదు. సీసాని ట్రంకులో ఎడమ గోడ పక్కన, వెనక సీటు దాకా లోపలికి పడుకోబెట్టి, కారు అడుగు రేకుకి కింది నుంచి పట్టీలు వేసి బోల్టులు బిగించాం. ఎండకి లోపల ఒత్తిడి మరీ పెరిగితే సీసా మూతి దగ్గరున్న పల్చటి రేకు చిరిగి గ్యాసు వదిలేస్తుంది. అది మనిషి కూర్చునే చోటికి రాకుండా ఒక గొట్టం అమర్చి కారు అడుగు నుంచి బయటికి తీశాం. ఆ గొట్టం విషయంలో నాన్న నన్ను నమ్మలేదు. తనే నేల మీద పడుకుని టార్చి వేసి చూశాడు. మూసిన గదిలో ఈ గ్యాసు నిండితే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంజన్ దగ్గర రెండు వాల్వులు, ఒకటి గ్యాసుకి, ఒకటి పెట్రోలుకి. కరెంటు అందితే రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఆ కరెంటుకి దారిలో అడ్డంకులు పెట్టాను. కాలు పెడల్ని పూర్తిగా నేలకి తొక్కితేనే, ఇంజన్ నేను చెప్పిన వేగాల మధ్య తిరుగుతుంటేనే, పెట్రోలు ఒత్తిడి నిలిచి ఉంటేనే గ్యాసు వెళుతుంది.

ఆ చివరిదాన్ని చూసి నాన్న చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "మా మెషీన్లోనూ ఇంతేనమ్మా. ఆక్సిజన్ పడిపోతే నైట్రస్ దానంతటదే ఆగిపోవాలి. ఇది పెట్టినవాడెవడో బుద్ధిమంతుడు."

"పెట్టింది నేను."

"అదే అంటున్నా."

గ్యాసు ఎంత, పెట్రోలు ఎంత అనేది జెట్లు తేలుస్తాయి. సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కలవి, జతలుగా వస్తాయి. అన్నిటికంటే చిన్న జత పెట్టాను. చల్లగా ఉండే రకం స్పార్క్ ప్లగ్గులు వేశాను, నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేట్టు కంప్యూటర్లో సరిచేశాను, ట్యాంకులో ప్రీమియం తప్ప వేరే పెట్రోలు పొయ్యలేదు. రోడ్డు మీద నైట్రస్ స్విచ్చి ఒక్కసారి కూడా వేసి చూడలేదు. రోడ్డు మీద అది చట్టానికి విరుద్ధం, పైగా నా పక్క లేన్లో ఎవరి పిల్లలు వెళుతున్నారో నాకు తెలియదు.

శనివారం పొద్దున్న కారుని ట్రైలర్ ఎక్కించి, ఊరవతల కార్లు సూటిగా పరుగెత్తించే డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్ళాం. ఎవరి కారు వాళ్ళు పరీక్షించుకునే రోజది. అక్కడి ఇన్స్పెక్టరు సీసా పట్టీలు లాగి చూసి, గొట్టం చూసి, బొటనవేలు పైకెత్తాడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా, మడత కుర్చీ, గొడుగు పెట్టుకుని నాన్న మాకిచ్చిన జాగాలో కాపురం పెట్టేశాడు.

మొదటి పరుగు నైట్రస్ లేకుండా. తర్వాతది నైట్రస్‌తో. లైటు పచ్చబడి, రెండో గేరులో కాలు నేలకి తొక్కగానే నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఇంజన్ గొంతు మారింది, కానీ ఎక్కడా తడబడలేదు. తిరిగొచ్చి ప్లగ్గు విప్పి చూస్తే లేత గోధుమరంగు, ఉండాల్సిన రంగు. ఇంకోసారి పరుగెత్తించాను. అదే రంగు. నేను ఎగరలేదు గానీ, ఎగిరినంత పనయింది.

ఇంకోసారి వెళ్ళేముందు ఇంజన్ చల్లారనిచ్చి, నా పరుగుల టైము చీటీలు తెచ్చుకోవడానికి ఆఫీసు గది వైపు వెళ్ళాను. అక్కడ ఇద్దరు ముగ్గురు మాట్లాడించారు. వచ్చేసరికి ట్రంకు మూసి ఉంది, నాన్న పులిహోర తింటున్నాడు. లేన్‌లోకి పిలుపొస్తే వెళ్ళిపోయాను.

ఈసారి రెండో గేరులో కారు ఉరికి, అంతలోనే చల్లబడి, మళ్ళీ ఉరికి, దగ్గింది. అద్దంలో నల్లటి పొగ. కాలు తీసేశాను, స్విచ్చి ఆపేశాను, ఊరికే దొర్లుకుంటూ చివరిదాకా పోయాను.

ప్లగ్గులు మసి పట్టి ఉన్నాయి. పక్క జాగాలో తెల్లగడ్డం ఆయన ఒకడు, ముక్కుసూటి మనిషి, మర్యాదస్తుడు, ప్లగ్గు చూసి, పెట్రోలు ఎక్కువ పోతోంది, ఆ పెట్రోలు జెట్టు ఒక సైజు తగ్గించు, అన్నాడు. ప్లగ్గు చూసిన ఎవరైనా అదే అంటారు. నా దగ్గర జతలు కాక విడిగా కొన్న ఇంకా చిన్న పెట్రోలు జెట్టు ఉంది. డబ్బాలోంచి తీశాను కూడా. స్పానరు నట్టు మీద పెట్టాక చెయ్యి ఆగింది. గంట క్రితం ఇదే జెట్టుతో ఇదే ఇంజన్ చక్కగా ఉంది. మా ఆఫీసులో నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి పడిపోతే నేను ఎవర్నీ దేన్నీ ముట్టుకోనివ్వను. ముందు ఒకే ప్రశ్న అడుగుతాను. ఆ ప్రశ్నే పైకి అన్నాను.

"బాగున్నప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం మారింది?"

ఎవరినీ ఉద్దేశించి అనలేదు. నాన్న చేతిలోని చెంచా డబ్బాలో పెట్టేశాడు.

"సీసా కొంచెం తిప్పానమ్మా."

ఆయన చెప్పింది ఇది. సీసా మీద పేరు పైకి, ట్రంకు పైకప్పు రేకు వైపు ఉంది. ట్రంకులో తల దూరిస్తే తప్ప కనపడదు. పేరు చదవకుండా సిలిండర్ తెరవడం ఆయన జీవితంలో లేదు. ఎన్నిసార్లు తెరిచిన సిలిండరైనా, నిన్న తనే మూసిందైనా, చదివాకే చెయ్యి వెయ్యాలి. చదవకుండా చెయ్యి వేసిన హౌస్ సర్జన్లని థియేటర్లోంచి బయటికి పంపిన మనిషి. అందుకని నేను లేనప్పుడు సీసా వాల్వు మూసి, పైపు నట్టు మెల్లగా వదిలి, మిగిలిన గ్యాసు పోనిచ్చి, పట్టీలు సడలించి, పేరు నిలబడ్డ మనిషికి కనపడేట్టు సీసాని పావు చుట్టు తిప్పాడు. మళ్ళీ అన్నీ బిగించాడు. వాల్వు తెరిచి, సబ్బునీళ్ళు రాసి లీకు కూడా చూశాడట. ఏ పనీ అరకొరగా చేసే మనిషి కాదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాన్నా, ఇది మీ హాస్పిటల్ సిలిండరు కాదు. మీది నిలబడి ఉంటుంది, పైనున్న గ్యాసు వస్తుంది. ఇది పడుకుని ఉంటుంది, అడుగునున్న ద్రవం రావాలి. లోపల వంగిన గొట్టం ఉంది. పేరు పైకి ఉంటేనే ఆ గొట్టం అడుక్కి ఉంటుంది. నువ్వు తిప్పితే అది పక్కకి తిరిగింది. సీసా సగం ఖాళీ అయింది కదా, ఒకసారి ద్రవం, ఒకసారి ఉత్త గ్యాసు!"

ఆయన మొహంలో రంగు పోయింది. డాక్టరు కాబట్టి మిగతాది నేను చెప్పకుండానే అర్థమైంది. నైట్రస్ తగ్గింది కాబట్టి పెట్రోలు ఎక్కువైనట్టు కనపడింది. అది చూసి నేను పెట్రోలు తగ్గించి ఉంటే, మళ్ళీ ద్రవం అందిన క్షణాన పిస్టన్లు కరిగిపోయేవి.

"నేను నీకు చెప్పకుండా చేసి ఉండకూడదు," అన్నాడు. "మెషీన్ మీద చెయ్యి వేసినవాడు చెప్పి వెయ్యాలి. అది నేనే అందరికీ నేర్పాను." డబ్బా మూత పెట్టి, "ఇంక నీ కారు ముట్టుకోనులే అమ్మా," అన్నాడు. కుర్చీ ఇంకాస్త దూరంగా జరుపుకుని కూర్చున్నాడు, మా ఇంటికి వచ్చిన కొత్తల్లో సోఫా చివర కూర్చున్నట్టే.

సీసా తిప్పినందుకు వచ్చిన కోపం ఎంతోసేపు నిలవలేదు. ఆ చివరి మాటకి వచ్చిన కోపం మాత్రం నిలిచింది. ఆయన్ని మళ్ళీ రిమోట్ అడిగి తీసుకునే మనిషిగా ఇంటికి తీసుకెళ్ళడం నా వల్ల కాదు.

సీసా వాల్వు మూసి, పైపు నట్టూ పట్టీలూ వదులు చేసి సీసాని నేనే సరిగ్గా తిప్పి, మళ్ళీ అన్నీ బిగించాను. చిన్న జెట్టు డబ్బాలో పడేశాను, పాతదే ఉంచాను. కొత్త ప్లగ్గులు బిగించాను. తర్వాత టూల్‌బాక్స్‌లోంచి తెల్లటేపు చింపి సీసా పక్కవైపు, నిలబడ్డ మనిషికి కనపడేచోట అంటించి, మార్కరు ఆయన చేతికిచ్చాను.

"పేరు రాయి. నీ పద్ధతీ ఉండాలి, గొట్టమూ అడుక్కే ఉండాలి."

రాశాడు. తెలుగులో, పెద్ద అక్షరాలతో, నైట్రస్ అని. మందుల షాపువాళ్ళని ఏడిపించిన చేతిరాత ఆ ఒక్కసారికి ఎవరైనా చదవగలిగేట్టు ఉంది. మార్కరు నాకిచ్చేసి మళ్ళీ కుర్చీ వైపు నడిచాడు.

లేన్‌లోకి పిలిచారు. నేను బెల్టు పెట్టుకోలేదు.

"వాల్వు మూసే ఉంది నాన్నా."

"నువ్వే తెరుచుకో తల్లీ."

"నేను తెరవను. నువ్వు తెరిస్తే వెళ్తాను, లేకపోతే కారు ట్రైలర్ ఎక్కించి ఇంటికెళ్దాం."

వెనక కార్లవాళ్ళు హారన్ కొట్టారు. పక్క జాగా తెల్లగడ్డం ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నాన్న ఒకసారి తన చేతులు చూసుకుని లేచాడు. ట్రంకు దగ్గర వంగకుండానే నిలబడి, తను రాసిన పేరు తనే పైకి చదివాడు. వాల్వు కొంచెం తెరిచి ఆగి, చెవి దగ్గరగా పెట్టి విని, పూర్తిగా తెరిచాడు.

"గ్యాసు ఇచ్చాను," అన్నాడు.

లైటు పచ్చబడింది. రెండో గేరులో కాలు నేలకి తొక్కాను. దగ్గలేదు, తడబడలేదు, పొగ లేదు. గీత దాటేదాకా ఒకే గొంతు. ఇంజన్ నాది, పని మాది, ఎక్కడా అనుమానం లేదు నాకు.

తిరిగొచ్చేసరికి నాన్న లేచి నిలబడి ఉన్నాడు. నేను దిగకముందే వాల్వు మూశాడు. ప్లగ్గు విప్పి అడక్కుండానే ఆయన చేతిలో పెట్టాను. ఫోను లైటు వేసి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, నిదానంగా తిప్పి తిప్పి చూశాడు. లేత గోధుమరంగు. మసి లేదు, కరిగిన లోహపు చుక్క ఒక్కటి లేదు.

ఆపరేషన్ అయ్యాక థియేటర్ తలుపు తోసుకుని బయటికొచ్చి, అక్కడ నిలబడ్డ బంధువులతో ఆయన అనే మాటలు నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాను. ప్లగ్గు నా చేతిలో పెట్టి, అదే గొంతుతో అన్నాడు.

"తెలివొచ్చిందమ్మా. ఇంక భయం లేదు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంజన్ బతికినందుకని ఆయన అనుకున్నాడు. నేను కాదనలేదు.