తొవ్వ చెప్పు మరిదీ

మా వదిన పోయింది. నాగర్‌కర్నూల్ నుంచి మా అన్న కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను గద్వాలలో, ఇంటి ముందు అరుగు మీద పేపరు చదువుతున్నాను. "చిన్నాయినా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ తాగి పన్నది, మల్ల లేవలే" అన్నాడు. నేను "సరే" అన్నాను. చావు కబురుకు సరే అనే మనిషి ఉంటాడా అంటే, ఉన్నాడు. ఫోన్ పెట్టేసి, చదువుతున్న వాక్యం దగ్గరికే మళ్ళీ వెళ్ళి దాన్ని నాలుగుసార్లు చదివాను. అన్నీ తెలిసిన మాటలే. ఒక్కటీ తలకెక్కలేదు.

ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి మూడుసార్లు లేచాను. ఆమెకు చెప్పుకోవలసిన తప్పొకటి నా దగ్గర ముప్పై ఏళ్ళుగా ఉండిపోయింది. మీకు చెబితే ఆమెకు చెప్పినట్టు కాదని తెలుసు. అయినా చెబుతాను. కాకపోతే నేను నేరుగా విషయానికొచ్చే మనిషిని కాను, కొంచెం ఓపిక పట్టాలి.

నేను రెండో తరగతిలో బడి మానేసి నేసేవాడు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంతలోకి దిగాను. వదిన కర్ణాటక సరిహద్దు పక్కన అయిజ పిల్ల, ఐదు దాకా చదివింది. ఆమె మాటల్లో అక్కడక్కడ కన్నడం దొర్లుతుందని మా అమ్మ నవ్వేది. నవ్వితే నవ్వింది గానీ, ఇంటికి ఉత్తరం వస్తే ఆమె చేతికే ఇచ్చేది. నాకు అక్షరాలు గుర్తుండేవి, మాటలు అయ్యేవి కావు. "నువ్వు బోర్డు కూడి చదివేటాలకు బస్సు వనపర్తి దాటుతది మరిదీ" అని ఏడిపించేది వదిన. ఏడిపించి ఊరుకోలేదు, చదివించింది.

మగ్గం తెలియని వారికి ఒక ముక్క. ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, నేసి అయిపోయాక, పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. అచ్చు అతకడం అంటాం. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుని, వేల పోగులు, ముడి లేకుండా ఉత్త మెలికతో. మా వీధిలో ఆ పనికి మా వదిన తర్వాతే ఎవరైనా. ఆమె అతుకుతుంటే మగ్గం ఆగుతుంది, నేసేవాడికి పని ఉండదు. ఊరకే ఉన్న నా చేతిలో పాత వారపత్రికలు పెట్టి, పైకి చదవమనేది. కిరాణా కొట్టు నుంచి తెచ్చినవి, సగం కథలకు ముందు పేజీలు ఉండవు, మిగతా సగానికి చివరవి ఉండవు. నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళు నలుగురు చుట్టూ చేరి వినేవారు.

తెలియని మాట వస్తే ఆగకూడదు, అడగకూడదు. ఆ పేజీలో ఒక పోగు ముక్క పెట్టి ముందుకు పోవాలి. "తెగిన పోగు యాడిదో పక్క పోగులే చెప్తయి" అనేది. ఎనకా ముందూ చూసి ఎప్పుడో ఒకరోజు అర్థం తట్టాలి. తట్టినవాడు అర్థం చెబితే చాలదు, అది ఏ దారిన దొరికిందో చెప్పాలి. "తొవ్వ చెప్పు మరిదీ" అనేది. తొవ్వ నచ్చితే తన చేత్తో ఆ పోగు తీసేసేది. 'పరామర్శ' అనే మాటకు మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఒక కథలో చనిపోయినవాడి ఇంటికి, ఇంకోదాంట్లో జబ్బు పడ్డవాడి దగ్గరికి, మూడోదాంట్లో ఇల్లు కూలినవాడి దగ్గరికి మనుషులు వెళ్ళారు. వదిన బూడిద చేతులతో ఆగి, "కష్టమొచ్చినోని ఇంటికి పోయి పలుకరించుడు" అన్నది. ఆ రోజు అందరికీ చాయ పోసింది. ఇప్పుడు ఫోన్లో మాట మీద వేలు నొక్కితే అర్థం వస్తుంది. మంచిదే. చాయ రాదు.

ఇక నా తప్పు. ఒక పెళ్ళికి వనపర్తి వెళ్ళినప్పుడు, గోనెపట్టా మీద పాత పుస్తకాలు అమ్మేవాడి దగ్గర అట్ట లేని నిఘంటువు కొన్నాను. కొని, మగ్గం గుంత గోడలో చిన్న గూడు ఉంటే గుడ్డ చుట్టి అందులో దాచాను. మర్నాడు చదవబోయే పేజీలు ముందే చూసుకుని, తెలియని మాటలకు అర్థాలు వెతికి పెట్టుకునేవాణ్ణి. వదిన ముందు తలగోక్కుని, అప్పుడే తట్టినట్టు చెప్పేవాణ్ణి. తొవ్వ కూడా అల్లేవాణ్ణి. నేతగాణ్ణి కదా. "మా మరిది బుర్ర సూడుండ్రి" అని ఆమె అందరికీ చెప్పుకునేది. ఆ పొగడ్త రుచి మరిగాను.

ఒకరోజు వంకాయరంగు పడుగు అతుకుతోంది. నేను చదివే కథలో అన్నదమ్ములు నడింట్లో పంపకాల కొట్లాట పెట్టుకుంటే, వాళ్ళ మేనమామ 'తటస్థంగా' కూర్చున్నాడు. వదిన కొంచెంసేపు ఆలోచించి, "భయపడ్డడేమో. భయపడ్డోడే నోరు మెదపడు" అన్నది. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"కాదు వదినా. ఏ దిక్కుకూ ఒరగకుంట ఉండుడు."

"తొవ్వ చెప్పు మరిదీ."

"క్రిష్ణ నిండుగ వచ్చినప్పుడు ఒడ్డు మీద నిలబడ్డోడు నీళ్ళ దిక్కు పోడు, ఊరి దిక్కూ పోడు. ఆ మామ గూడ గట్లనే గూసున్నడు."

కండెలు చుట్టే ఒకామె, మీ మరిది పంతులైండు, నీకిగ పని లేదు అన్నది. అందరూ నవ్వారు. వదిన నా ముఖం ఒకసారి చూసి, వేళ్ళు బూడిదలో అద్దుకుంది. నేను అన్నానికి లేచి వెళ్ళాను. ఆ తర్వాత ఆమె నన్ను తొవ్వ అడగలేదు. నా ముందు తన అర్థం చెప్పడమూ మానేసింది. నేను చదివేవాణ్ణి, ఆమె అతికేది. నిఘంటువుతో ఇక పని లేక దాన్ని గూట్లోంచి మళ్ళీ తీయలేదు. పరీక్ష గట్టెక్కానని మొదట్లో సంతోషించాను. ఆమె నోరు మూయించానని తెలియడానికి ఏళ్ళు పట్టింది.

మా అన్న పోయాక ఆమె కొడుకు దగ్గరికి నాగర్‌కర్నూల్ వెళ్ళిపోయింది. నా మగ్గమూ ఆగింది. గుంత మీద చెక్కలు పరిచి బియ్యం బస్తాలు పెట్టుకున్నాం. పోయిన నెల, ఇక చెప్పేద్దామని బస్సెక్కి వెళ్ళాను. దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. "వదినా, నీకొక ముచ్చట చెప్పాలె" అని మొదలుపెట్టాను.

"చెప్పకు" అన్నది నవ్వుతూ. "ఎనకా ముందూ జూస్కొని నేనే తెలుసుకుంట. చాయ తాగు, సల్లారుతది."

తాగి వచ్చేశాను. ముసలామె పాత అలవాటు కొద్దీ అన్నదనుకున్నాను. నిజం చెప్పాలంటే, తప్పించుకున్నాననుకున్నాను.

పదకొండో రోజున నాగర్‌కర్నూల్‌లో పరామర్శకు వచ్చిన వాళ్ళలో, పక్కింట్లో ఉండే కూలిపని ఆమె ఒక పుస్తకం పట్టుకొచ్చింది. పేజీల మధ్య రంగురంగుల పోగులు వేలాడుతున్నాయి. రోజూ మధ్యాహ్నం ఆ వీధిలో ఐదారుగురిని కూర్చోబెట్టి మా వదిన చదివించేదట. నాకు తెలియదు. "మీ వదిన అర్థం చెప్పేది గాదు సార్, తొవ్వ చెప్పమనేది" అన్నది ఆమె. "తొవ్వ లేని అర్థం దొంగసొమ్మని గూడ అంటుండె."

మా వదిన నోరు మూతపడలేదన్నమాట. నా ముందు మాత్రమే మూసుకుంది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

గద్వాల వచ్చాక కూర్చోలేకపోయాను. ముంగిట్లోకీ వంటింట్లోకీ తిరిగి తిరిగి, చివరికి బస్తాలు జరిపి, చెక్కలు లేపి గుంతలోకి దిగాను. మోకాళ్ళు తిట్టాయి. గూట్లో గుడ్డ మూట అట్లాగే ఉంది. దుమ్ము దులిపి, నన్ను గుచ్చుతున్న ఆ ఒక్క మాట కోసం త అక్షరం దగ్గర తెరిచాను. తటము అంటే ఒడ్డు. ఆనాడు నేను అల్లిన తొవ్వలోకి ఒడ్డు వచ్చింది ఇక్కడి నుంచే. అప్పుడు తెలిసింది నేను ఎక్కడ దొరికిపోయానో. ఆ కథలో నది లేదు, ఒడ్డు లేదు, ఉన్నదంతా నడింటి కొట్లాట. ఆ ఒడ్డు ఎక్కడి నుంచి వచ్చిందని ఆమె వెనకా ముందూ చూసి ఉంటుంది. నేను అన్నం తింటుండగా నేను కూర్చునే గుంతలోకి దిగి వెతికి ఉంటుంది.

ఎందుకంటే ఆ పేజీలో ఒక పోగు ఉంది. నిఘంటువులో నేనెప్పుడూ పోగు పెట్టలేదు, అవసరమేముంది? వంకాయరంగు నూలు, జానెడు కూడా లేదు. కొసన ముడి లేని మెలిక, దాని మీద బూడిద మరక.

ముప్పై ఏళ్ళు ఆమెకు తెలుసు. నలుగురిలో ఒక్క మాట అని ఉంటే నా పంతులుతనం ఆ రోజే ముగిసేది. అనలేదు. అర్థం పక్కనే అచ్చేసి ఉండగా, తెలియని మాటకు పెట్టే పోగు అక్కడ ఎందుకు పెట్టిపోయిందో మాత్రం నాకు ఇంకా తట్టడం లేదు. కోపమా, జాలా, నేనే వచ్చి తీస్తానని ఎదురుచూపా?

నిఘంటువును కిటికీ గూట్లో పెట్టాను. పోగు కొస బయటికి వేలాడుతోంది. ఫ్యాన్ గాలికి కదులుతుంది, నిలుస్తుంది, మళ్ళీ కదులుతుంది. నేను దాన్ని తీయలేదు.