దిగి రావాలని మొక్కుకున్నాను

మా ఆవిడ కొండలెక్కుతుంది. ఈ మాట ఎవరికైనా చెబితే ముందు నా మొహం చూస్తారు, తర్వాత నా పొట్ట చూస్తారు, ఆ తర్వాత "మరి మీరు?" అంటారు. నేనెక్కను. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పుకుని బతుకుతాను. మా ఇన్‌స్టిట్యూట్ నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్ట్ పనిచేయని రోజు నా క్లాసు పది నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుందని స్టూడెంట్లందరికీ తెలుసు.

నాది కాకినాడ, ఆవిడది భువనగిరి పక్కన. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ నా దగ్గర జావా నేర్చుకోవడానికి వచ్చింది. మూడో వారానికే "సార్, గీ కుర్చీల కూసుంటే నా కాళ్లు సచ్చిపోతున్నయ్" అని మానేసింది. జావా అబ్బలేదు, నేను మాత్రం దొరికాను. పెళ్లయ్యాక ఒక స్నేహితురాలితో కలిసి తాడు పట్టుకుని భువనగిరి గుట్ట ఎక్కడం నేర్చుకుంటానంటే, ఆదివారం సరదా అనుకుని సరేనన్నాను. పదకొండేళ్లయినా ఆ ఆదివారం అయిపోలేదు.

ఆ సరదా మా ఇంట్లోంచి ఏమేం పట్టుకుపోయిందో నాకు తెలుసు. సెలవులు అడిగీ అడిగీ స్కూల్లో పీఈటీ ఉద్యోగం పోయింది. సొంత చెల్లెలి పెళ్లినాడు ఈవిడ లడఖ్‌లో మంచు తొక్కుతోంది; ఆ పిల్ల ఇప్పటికీ పొడిపొడిగానే మాట్లాడుతుంది. పిల్లల సంగతి "ఈ ఒక్కటి అయినంక" అంటూ వాయిదా పడి పడి, చివరికి ఇద్దరం ఆ మాట ఎత్తడమే మానేశాం. నాలుగేళ్ల కిందట ఎడమ కాలి వేళ్లు రెండు చలికి నల్లబడిపోతే తీసేశారు. ఆస్పత్రి మంచం మీదే నన్నడిగింది, "బూటుల దూది పెట్టుకుంటే సరిపోతది గద?" అని. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను. నాకు కోపం వచ్చినా ఏడుపే వస్తుంది, అదొక జబ్బు.

తర్వాత నేపాల్‌లో ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండ మీద కన్నేసింది. ఏడాదిపాటు వీపు సంచిలో ఇసుక నింపుకుని రోజూ పొద్దున్నే అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లెక్కేది. మొదటి రోజు సెక్యూరిటీ అతను సంచి విప్పించి, "ఇసుకనా? ఇల్లెక్కడ కడుతున్నరు మేడమ్?" అన్నాడట. పంజాగుట్టలో మా అపార్ట్‌మెంటు మెట్లు కూడా వదల్లేదు. అయిదంతస్తులూ ఎక్కీ దిగీ తిరుగుతుంటే, మూడో అంతస్తు పిన్నిగారు "ఎలాగూ పైకే కదమ్మా" అని డాబా మీద ఆరేసిన బట్టలు తెమ్మనేది. ఈవిడ తెచ్చేది కూడా. కానీ ఇంట్లో నా ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం చూపు గోడ అవతలెక్కడో ఉండేది. నేను ఉప్పు అడిగితే పప్పు వడ్డించేది.

బయల్దేరే ముందు ఒక కాగితం నా ముందే నింపింది. అక్కడ చనిపోతే శవాన్ని కిందికి తేవాలా, అక్కడే వదిలేయాలా అని అందులో అడిగారు. "ఆడ్నే ఉంచమని రాసిన. నన్ను మోసుకొచ్చేటందుకు ఇంకొకరు సావద్దు," అంది, రేపు పాలు వద్దని చెప్పినంత మామూలుగా.

ఆ మర్నాడే నేను మొక్కుకున్నాను. మా వైపు అన్నవరం దేవుడున్నా, దగ్గరున్న దేవుడైతే తొందరగా వింటాడని ఆవిడ వైపు యాదగిరిగుట్ట స్వామినే పట్టుకున్నాను. "క్షేమంగా రావాలి" అని ఊరుకుంటే సరిపోయేది. కానీ చివరి రోజు, ఆ చివరి ఎక్కుడులోనే మనుషులు ఎక్కువగా పోతారని ఆవిడే ఒకసారి చెప్పింది. అందుకని, "స్వామీ, పైదాకా పోనివ్వకు. మధ్యలోనే వెనక్కి తిప్పి పంపు. గుండు చేయించుకుంటాను" అన్నాను. పెళ్లాం ఏడాదిపాటు ప్రాణం పెట్టి కోరుకున్న దాన్ని చెడగొట్టమని దేవుణ్ణి బతిమాలిన మొగుణ్ణి నేను. సిగ్గేసింది గానీ మొక్కు వెనక్కి తీసుకోలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం, క్లాసు మధ్యలో శాటిలైట్ ఫోన్ నుంచి కాల్ వచ్చింది. "దిగుతున్న. పైకి పోలే. మంచిగనే ఉన్న." అంతే, కట్ అయింది. నేను బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటూ ఏదో లూప్ రాసేశాను. "సార్, అది ఎప్పటికీ ఆగదు" అని వెనక బెంచీ అమ్మాయి చెబితే గానీ తెలియలేదు. తుడిచేసి అందరికీ సెలవిచ్చేశాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా లేదు.

మొక్కు ఆలస్యం చేయకూడదంటారు కదా. ఆవిడ ఖాట్మండూ చేరేలోపే ఒక ఆదివారం బస్సెక్కి గుట్టకి వెళ్లి గుండు చేయించుకొచ్చాను. జుట్టు వారంలో మొలవదన్న సంగతి నాలాంటి చదువుకున్నవాడికి తట్టలేదు. గేటు దగ్గర మా అసోసియేషన్ ప్రెసిడెంటు ఎదురై, "ఏం సార్, మొక్కు తీరినట్టుంది!" అన్నాడు. "తీరిందండీ" అన్నాను, నవ్వాపుకోలేక. అదే నేను చేసిన తప్పు.

ఎయిర్‌పోర్టుకి టోపీ పెట్టుకుని వెళ్లాను. ఆవిడ బుగ్గల మీద చర్మం ఊడిపోయి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. చేతి వేళ్లు లెక్కపెట్టాను, పదీ ఉన్నాయి. టోపీ చూసి "ఎండకా?" అంది. "ఎండకే" అన్నాను. క్యాబ్‌లో దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దుఃఖంలో ఉందనుకుని నేను కూడా మొహం వేలాడేశాను. "ఇంకోసారి చూద్దాంలే" అని కూడా అన్నాను. అనేసి నాలుక కొరుక్కున్నాను.

అపార్ట్‌మెంటు గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. "శిఖరం ఎక్కిన మన ఆడబిడ్డకు శుభాకాంక్షలు!" మధ్యలో ఆవిడ ఫొటో, దాని పక్కన అంతకంటే పెద్దగా ప్రెసిడెంటు ఫొటో. పిన్నిగారు హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది.

"నేను ఎక్కలే," అంది మా ఆవిడ. "నడుమల్నే తిరిగొచ్చిన. ఎవరు చెప్పిన్రు మీకు?"

"ఎవరన్న చెప్పాల్నా అమ్మా? సార్ గుండు చేయించుకున్నడు, మొక్కు తీరిందన్నడు," అన్నాడు ప్రెసిడెంటు.

ఆవిడ చెయ్యి చాపి నా టోపీ తీసింది. గుండు వైపు కాసేపు చూసింది. "నేను ఎక్కనే లేదు. మరి నీకు ఏం మొక్కు తీరింది?"

పిన్నిగారు హారతి ఇవ్వాలో వద్దో తేల్చుకునేలోపు కర్పూరం ఆరిపోయింది.

ఇంట్లోకి వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండు రోజులు నేను పెట్టిన టీ తాగింది, నాతో మాత్రం మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం బాల్కనీలో కూర్చుని తనే మొదలుపెట్టింది.

"ఆ దినం గాలి లేదు, మబ్బు లేదు. వేళ్లు జర తెల్లగైనయ్. షెర్పా అన్న నీ ఇష్టమన్నడు. ముంగట అందరు పోతుండ్రు. పోవచ్చు, పోతే ఎక్కుదును. నేనే వద్దనుకున్న, నేనే తిరిగిన. ఇన్నేండ్లల్ల గంత కష్టమైన పని చెయ్యలే నేను. నువ్వు దాన్ని తీస్కపోయి దేవునికి కట్టబెట్టినవ్. అది సుత మా గుట్ట దేవునికి!"

తప్పయిందన్నాను. మాటవరసకి కాదు. పదకొండేళ్లూ నేను కొండకి భయపడ్డాను, దేవుణ్ణి నమ్ముకున్నాను. తనంతట తను వెనక్కి తిరగగలదని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

"ఇంకోటి చెప్త, నవ్వద్దు," అంది. "దిగుతుంటే ఏడ్చిన. బాధకు కాదు. మస్తు హాయిగుండె. ఇగ పైకి చూసే పని లేదని. కానీ ఇన్నేండ్లు నిన్ను గోస పెట్టి, ఇప్పుడొచ్చి నాకు ఇల్లే యాదికొచ్చిందని ఏ మొహంతోని చెప్పాలె? అందుకే కార్ల మాట్లాడలే."

అంటే ఎయిర్‌పోర్టు నుంచి పంజాగుట్ట దాకా నా కోసం తనూ, తన కోసం నేనూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నామన్నమాట. ఇద్దరిలో ఒక్కరికీ బాధ లేదు. నవ్వొద్దని చెప్పినా నవ్వేశాను. తనకీ నవ్వొచ్చింది, కానీ పెదాలు పగిలి ఉండడం వల్ల చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మళ్లీ వెళ్తావా?" అని అడిగాను.

"పోను."

ఒట్టు వేయమని అడగబోయి ఆగిపోయాను. ఆవిడ పోనంది, అది చాలు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదయినా లేవలేదు. పెళ్లయినప్పటి నుంచీ ఆ వేళప్పుడు ఆవిడ మంచం మీద ఉండడం నేను చూడలేదు. ముక్కు మీద చెయ్యి పెట్టి చూశాను. ఊపిరి చక్కగా ఆడుతోంది. ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పి, మళ్లీ ఆవిడ పక్కన పడుకున్నాను.